నలభై ఏడో పేజీ

"తాళం వెయ్యకండి మేడం! ఒక్క నిమిషం!"

స్నేహ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి రొప్పుతూ వచ్చేసరికి, లైబ్రేరియన్ నిర్మల పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం తిప్పేసింది.

"ప్రిన్సిపాల్ గారి ఆర్డరమ్మా. శుక్రవారం కమిటీ తేల్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదు."

"అదేం పాపం చేసిందండీ?"

నిర్మల ఒక ఉత్తరం బల్ల మీద పెట్టింది.

'చీరాల రోడ్డు కథలు పుస్తకంలో నలభై ఏడో పేజీ కథ, పెద్దల కళ్లు కప్పడం ఎలాగో ఆడపిల్లలకు నేర్పుతోంది. వెంటనే తొలగించండి. ఇట్లు, ఒక తల్లి.'

ఆ కథ స్నేహకు కంఠతా వచ్చు. ఈపురుపాలెం నేతగాళ్ల పిల్ల సామ్రాజ్యానికి పదో తరగతిలోనే పెళ్లి కుదురుస్తారు. ఆ పిల్ల తన మీద తనే ఆకాశరామన్న ఉత్తరం రాసి పెళ్లివారికి పంపుతుంది. 'పిల్ల పొగరుబోతు. వంట రాదు. పుస్తకాల పిచ్చి.' సంబంధం తప్పిపోతుంది, సామ్రాజ్యం పరీక్ష రాస్తుంది. అది చదివిన రోజే స్నేహ నోటుబుక్కులో తన మొదటి కథ మొదలుపెట్టింది. ఇప్పటికి పదకొండు రాసింది.

"పేరు లేని ఉత్తరమేగా, చెత్తబుట్టలో వెయ్యొచ్చు కదండీ!"

"ఇంకు చూడు."

పచ్చ ఇంకు.

"అది వాడేది గెజిటెడ్ ఆఫీసర్లేగా. ఎవరో పెద్దావిడ రాసిందని ప్రిన్సిపాల్ జాన్సన్ సార్‌కి చెమటలు పడుతున్నాయి. విచిత్రం ఏంటంటే, పోయిన వారం ఇది పాత కాగితాల మూటలో ఉంది. పదేళ్లలో నువ్వు తప్ప ఎవరూ తీసుకోలేదు. పుస్తకం రాసినావిడకి ఫోన్ చేసి, తూకానికి వేసేస్తున్నామండీ అని కూడా చెప్పాను. అలాగా అని పెట్టేశారు."

స్నేహ ఎగిరి గంతేసింది. "ఆవిడ ఉన్నారా! ఎక్కడ?"

"తెనాలిలో. విజయమ్మ గారని, బాపట్లలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు."

"కమిటీలో ఒక్కరైనా ఈ కథ చదివారా మేడం?"

"లేదు."

"చదవకుండానే చెయ్యెత్తుతారా?"

"ఎత్తుతారు. చెయ్యి బరువేం కాదుగా."

"అయితే ఆవిడ అడ్రస్ ఇవ్వండి."

ఆదివారం స్నేహ అమ్మకు చెప్పి రేపల్లెలో తెనాలి రైలెక్కింది. విజయమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, చేతిలో ఇంకా బైబిలు ఉంది.

"మేడం, మీ పుస్తకం తీసేస్తామంటున్నారు!"

"ఎవరమ్మా అంత ధైర్యవంతులు?"

"ఎవరో ఆఫీసరండి. అందరూ వణికిపోతున్నారు."

"పాపం. ముందు టిఫిన్ తిను."

"టిఫిన్ తర్వాతండి! శుక్రవారంలోగా కమిటీలో ఐదుగురూ చదవాలి. ఉన్న ఒక్క కాపీ బీరువాలో ఉంది."

విజయమ్మ మంచం మీద నుంచి ఒక కట్ట తీసి అందించింది. కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి ఉంది. లోపల సరిగ్గా ఐదు పుస్తకాలు. స్నేహ ఆనందంలో థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయింది.

"నువ్వూ రాస్తావు కదూ?"

"మీకెలా తెలుసండి?"

"నీ మధ్యవేలు చెబుతోంది, కలం కాయ కాచింది. శుక్రవారం నేనూ వస్తాను. నీ నోటుబుక్కు తెచ్చుకో."

సోమవారానికి ఐదు పుస్తకాలూ ఐదు ఇళ్లకు చేరాయి. పేరెంట్స్ కమిటీ చైర్మన్ రామకోటి మాత్రం తన బట్టల కొట్లో పుస్తకాన్ని వేలి కొసతో పక్కకు నెట్టాడు.

"ఆఫీసర్లతో మనకెందుకమ్మాయ్? తీసెయ్యమనే చెప్తాను."

"తీసెయ్యండి బాబాయ్ గారూ. కానీ చదివి తీసెయ్యండి."

ఈలోగా స్కూలంతా ఒకటే గుసగుస. బీరువాలో పెట్టి తాళం వేశారంటే అందులో ఏముందో! బుధవారానికి ఆ పుస్తకం కావాలని నలభై ముగ్గురు పేర్లు రాసిచ్చారు. నిర్మల ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది.

శుక్రవారం పది గంటలు. మూలనున్న కుర్చీలో విజయమ్మ, గుమ్మం దగ్గర నోటుబుక్కు గుండెలకు హత్తుకుని స్నేహ. ప్రిన్సిపాల్ జాన్సన్ నుదురు తుడుచుకున్నాడు.

"ఫిర్యాదు చాలా పైనుంచి వచ్చింది. మనం ఆలోచించి..."

రామకోటి లేచాడు.

"ఆలోచించేదేముందండీ? మా ఇంట్లో మంగళవారం పులుసు మాడింది. ఏంటని చూస్తే మా ఆవిడ విశాలాక్షి పొయ్యి దగ్గర నిలబడి నలభై ఏడో పేజీ చదువుతోంది. మాడిన పులుసు తింటూ నేనూ చదివాను. తను ఎనిమిదో తరగతితో ఆగిపోయిందండీ. 'ఈ ఉపాయం నాకప్పుడు తెలిస్తేనా' అని ఒకటే ఏడుపు. పుస్తకం ఉండాల్సిందే. ఆఫీసరొస్తే నా దగ్గరికి పంపండి."

చెయ్యెత్తాడు. రెండో చెయ్యి, మూడోది, నాలుగోది. చివరికి బిక్కుబిక్కుమంటూ ప్రిన్సిపాల్ చెయ్యి కూడా లేచింది.

"నలభై ముగ్గురు క్యూలో ఉన్నారు సార్," అంటూ నిర్మల బీరువా తాళం తీసింది. వరండాలో పిల్లల కేక మిన్నంటింది.

స్నేహ పరుగున వెళ్లి విజయమ్మ చేతులు పట్టుకుంది.

"గెలిచాం మేడం! ఆ ఉత్తరం రాసినావిడ ఇప్పుడు ఎదురుపడితేనా, కడిగేసేదాన్ని!"

"కడుగుదువుగానిలే. ఆ నోటుబుక్కు ఇలా ఇవ్వు."

విజయమ్మ చేతిసంచిలోంచి పాత కలం తీసి, మొదటి పేజీ మీద నెమ్మదిగా రాసింది. 'తర్వాతి పుస్తకం నీది. భయపడకుండా రాయి.' కింద సంతకం పెట్టి తిరిగిచ్చింది.

స్నేహ చూసింది.

ఇంకు పచ్చగా ఉంది.