క్యాను వచ్చే రోజు

"ఈ డిస్పెన్సర్‌కి క్యానుతో పనిలేదు సిస్టరమ్మా. కుళాయికి తగిలిస్తే వేన్నీళ్లు, చన్నీళ్లు రెండూ వస్తాయి. ఇంట్లోకి ఇంకో మనిషి రావాల్సిన పనే ఉండదు," అన్నాడు ఆత్మకూరు బజారులో షాపు సైమన్.

రిటైరైన నర్సు సలోమి పక్కదాన్ని చూపించింది. "పైన క్యాను పెట్టేది ఉండాదే, అది ఇయ్యి."

"ఇరవై లీటర్లు మీరేడ ఎత్తుతారమ్మా?"

"క్యాన్లేసే రాజు ఎత్తిపెడతాడులే."

"వారానికి రెండుసార్లు వాడికోసం కాచుకోనుండాల్నా?"

సలోమి పర్సు తీసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. వంటింట్లోకొచ్చి క్యాను దించుతూ రాజు ప్రతిసారీ "ఏం కూర సిస్టరమ్మా?" అని అడుగుతాడు. చెప్పడానికి ఒక కూర ఉండాలని, ఆ రోజు మాత్రం ఆమె పొయ్యి మీద కూర పెడుతుంది. మిగతా రోజులన్నీ ఊరగాయతోనే వెళ్లిపోతాయి.

"ఆటో ఎక్కియ్యి సైమనూ," అంది. "రేపు క్యాను వస్తాది. వంకాయలు కొనుక్కోని పోవాల."