తుడిచేదాకా కదలను

"అన్నా, ఈ కంప్యూటరు నేను తీసుకుంటా. కానీ నా కళ్ళముందర మొత్తం తుడిచేసి ఇవ్వాల."

ఇందుకూరుపేట సెంటర్లో ఫొటో స్టూడియో నడిపే చంద్రమౌళి తలెత్తి చూశాడు. నూలు చీర, భుజాన సంచి, ఎండకు కమిలిన మొహం. ఈ ఊరి మనిషిలా లేదు.

కొత్త కంప్యూటరు వచ్చింది గనుక పాతది అమ్మకానికి పెట్టాడు. తెర తుడిచాడు, కీబోర్డు బోర్లించి దులిపాడు, ఆయుధపూజకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు కూడా గోకేశాడు. ఇంకేం తుడవాలట?

"అద్దం మాదిరి తుడిచినా గదమ్మా!"

"పైన కాదు. లోపల. ఫొటోలు."

"అవీ తీసేసినా. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసినా."

"అట్టా తీసేస్తే ఎవుడైనా మళ్ళీ బయటికి తెచ్చుకుంటాడు. పూర్తిగా ఫార్మాట్ కొట్టండి. పైపైన వద్దు."

"అమ్మో! అది పెడితే సాయంత్రం దాకా పడతాది. కొన్నాక నీ సొత్తే గదా, ఇంటికి తీసకపోయి నువ్వే చేసుకో."

"కుదరదు. ఇక్కడే చెయ్యాల."

పక్క కుర్చీలో ఉన్న నరేంద్రబాబుకు ఒళ్ళు మండింది. కోవూరులో నెట్ సెంటర్ పెడుతున్నానంటూ అంతకుముందే వచ్చి బేరం మొదలుపెట్టినవాడు అతను.

"ఈమెతో మనకేందన్నా? నేను ఉన్నది ఉన్నట్టే తీసుకుంటా. ఏం తుడవొద్దు."

"విన్నావామ్మా?" అన్నాడు చంద్రమౌళి.

"విన్నా. ఆయనకిచ్చినా సరే, తుడిచే ఇవ్వాల."

"ఏందీ దబాయింపు? నా కంప్యూటరు, నా ఇష్టం!"

"కంప్యూటరు నీది. దాంట్లో ఉండే ఆడపిల్లలు నీ సొత్తా? ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిచూపుల ఫొటోలు... అమ్మేదా అని వాళ్ళల్లో ఒక్కర్నన్నా అడిగినావా?"

చంద్రమౌళికి రోషం పొడుచుకొచ్చింది.

"ఇన్నేళ్ళుగా స్టూడియో నడుపుతుండా, నన్ను వేలెత్తి చూపించినోడు లేడు. ముందు లేచి బయటికి నడు!"

ఆమె లేస్తేగా! సీపీయూను ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ చుట్టేసింది.

"తుడిచేదాకా కదలను. పోలీసుల్ని పిలుస్తావా, పిలువు. వాళ్ళ ముందర కూడా ఇదే అడుగుతా."

గొంతు బజారుదాకా వినిపించింది. టీకొట్టు దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చారు. వెనక గదిలో లామినేషన్ చేస్తున్న చంద్రమౌళి భార్య రోజారమణి కూడా బయటికి వచ్చింది. సీపీయూ పట్టుకున్నామె మొహంలోకి చూసి ఏదో అనబోయి ఆగిపోయింది.

"పొద్దున్నే ఎవరి మొహం చూసినానో, ఖర్మ!" అని సణుక్కుంటూ చంద్రమౌళి తీగలు తగిలించి, ఫొటోలుండే డ్రైవులన్నిటికీ ఫార్మాట్ పెట్టాడు.

నరేంద్రబాబు చటుక్కున లేచాడు.

"నాకొద్దులే అన్నా."

"అదేంది! పెళ్ళి ఆల్బం డిజైన్లు కావాలంటివే, కొత్తదాంట్లోంచి పెన్ డ్రైవులో వేసిస్తా."

"వద్దొద్దు" అంటూనే బండెక్కి వెళ్ళిపోయాడు.

"చూసినావా? వచ్చిన బేరం చెడగొట్టినావు!" అని చంద్రమౌళి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"నేను కొంటానంటి గదా" అందామె. తొణకలేదు, బెణకలేదు.

మధ్యాహ్నం రోజారమణి మజ్జిగ తెచ్చిస్తే తాగింది. అంతే, మళ్ళీ తెర మీదే చూపు. పని పూర్తయ్యాక తానే ఆ డ్రైవులన్నీ తెరిచి చూసుకుంది. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుని, అన్నమాట ప్రకారం డబ్బు చేతిలో పెట్టి, కంప్యూటరు ఆటోలోకి ఎక్కించింది.

చంద్రమౌళికి కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"ఇంత రచ్చ చేసినావు, నీ ఫొటో ఏమన్నా ఉండిందా యేంది దీంట్లో?"

"దీంట్లో లేదన్నా" అని తలెత్తి అతని కళ్ళలోకి సూటిగా చూసి ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగింది.

"ఎంత పొగరో చూడు!" అన్నాడు చంద్రమౌళి.

రోజారమణి కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు పోల్చుకోలేదా? మైపాడు చెంచయ్య కూతురు ఉష గదా!"

"ఏ ఉష?"

"నువ్వు తీసిన పెళ్ళిచూపుల ఫొటో, మనం ఇంతకుముందు అమ్మిన కంప్యూటర్లోంచి ఎవడో లాగి, పాడు బొమ్మకు అతికించి ఊరూరా తిప్పితే, 'ఆ పిల్లే అట్టాంటిది' అని ఈ కుర్చీలో కూర్చుని నువ్వు అందరికీ చెప్పినావే, ఆ పిల్ల."