ముఖం లేని కటౌట్

గూఢచారి మార్తాండ కొత్త సినిమా విడుదలైన ఉదయం, తెనాలిలో మూతపడ్డ హాలు ముందు షబ్బీరు, కోటయ్య కటౌట్ నిలబెట్టారు. మార్తాండ అభిమాన సంఘంలో మిగిలింది ఆ ఇద్దరే. ఇప్పుడు సినిమా ఎవరి ఫోన్లో వాళ్లు చూస్తారు. ఎవరు కోరుకున్న హీరోని వాళ్లకు కంప్యూటరే మార్తాండగా మార్చి చూపిస్తుంది. అందుకే కటౌట్‌కు ముఖం వేయించలేదు.

“ఈసారి మార్తాండగా మావోడే చెయ్యాల్రా,” అన్నాడు కోటయ్య, పాత అలవాటు కొద్దీ.

“నీ ఫోన్లో మీవోడే చేశాడుగా. నా ఫోన్లో మావోడు.”

ఒకప్పుడు ఇదే గొడవలో కోటయ్య విసిరిన సోడాసీసాకు షబ్బీరు నుదురు చిట్లింది.

ఇద్దరూ కలిసి ఆ ఖాళీ ముఖం మీద బిందెడు పాలు పోశారు. షబ్బీరు నుదుటి మచ్చ తడుముకున్నాడు.

“మావోడు పనికిరాడని ఒక్కసారి అనరా, కోటయ్యా.”

“ఎట్టా అనేదిరా? నీ సినిమా నేను చూడలేదుగా.”