ఇంజన్ ట్రబుల్

నాగవల్లిని చంపింది పడవ దుర్గారావే. డయాలసిస్‌కు బయల్దేరిన మనిషిని, ఇంజన్ ట్రబులంటూ వాడు లంక రేవు దాటించలేదు. సాయంత్రానికి ఆమె పోయింది. ఏడాదిగా ఆమె భర్త కుమారస్వామి వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

ఇవాళ కూడా తిట్టేసరికి, తాడు విప్పబోతున్న దుర్గారావు ఆగిపోయాడు.

“ఆవేళ ఇంజన్ బాగానే ఉందండి బాబాయ్‌గారూ. మీరు గొడుగుకని ఇంటికెళ్లేరు చూడండి, అప్పుడు పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారండి. ‘నా ట్రబుల్ ఇక తీరేది కాదు బాబూ. ఆ సూదులు నావల్ల కాదు. ఆయనకి చెబితే వినరు. ఇంజన్ ట్రబులని చెప్పు’ అన్నారండి.”

“మరి ఇన్నాళ్లూ నా తిట్లెందుకు తిన్నావురా?”

“తిట్టుకోడానికి మీకూ ఎవరో ఒకరు ఉండాలి కదండీ.”

కుమారస్వామి పడవెక్కి, వాడివైపు చూడకుండా కూర్చున్నాడు.

“ఈ మాట మళ్లీ నా దగ్గర ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను.”