ఎదురొచ్చేవాడి కళ్ళు

“మీ బండి దీపం నా కళ్ళలో పొడుస్తోంది,” అన్నాడు తనిఖీ అధికారి.

సరిహద్దు వంతెన అవతలి తనిఖీ షెడ్డు మధ్యలో స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి, లేని హ్యాండిల్ పట్టుకున్నాడు. నెత్తిన హెల్మెట్ కూడా ఉంది. షట్టర్ దించెయ్యడంతో పట్టపగలే షెడ్డంతా చీకటి. ఎదురుగా కళ్ళద్దాల దుకాణం ఆయన, పాత మోటార్ సైకిల్ మీద కూర్చుని బిక్కమొహం వేశాడు.

“మీరు స్టూలు మీదే ఉన్నారు కదండీ?”

“ప్రస్తుతానికి నేను ఎదురొచ్చేవాణ్ణి. మీ దేశంలో ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి మీ దీపం ఎడమవైపు కాస్త ఎక్కువ వెలుగు కొడుతుంది. మా దేశంలో కుడి పక్కన నడుపుతాం. మీకు ఎడమవైపు ఎదురొచ్చేది మేమే. సరిచేసుకుని రండి.”

వంతెన దాటి పట్టుమని పది గజాలు కూడా వెళ్ళకుండానే ఆయన వెనక్కి తిరిగాడు.

“ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తున్నాను. నా దీపం కళ్ళలో పొడుస్తోందట!” అన్నాడు భార్యతో.

ఆవిడ దుకాణంలో ఫ్రేములు తుడుస్తూ, “దీపం వంకతో ప్రయాణం ఎగ్గొట్టేస్తారా ఏమిటి?” అంది.

ఎగ్గొట్టాలని ఆయనకీ లేదు. పన్నెండేళ్ళ క్రితం చెల్లెలు వంతెన అవతలివాణ్ణి తనంతట తాను చేసుకుంది. “వాడి మొహం చూడను” అని ఆయన పెళ్ళికి వెళ్ళలేదు. ఆమె పంపిన ఫోటోల కవరు విప్పకుండానే తిప్పి పంపాడు. ఆ మనిషి ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని శాసించాడు. పది రోజుల క్రితం చెల్లెలే ఫోన్ చేసింది. “నాకు నలభై నిండుతున్నాయి అన్నయ్యా. నాన్న బండి మీద ఒక్కసారి రా. వెనక కూర్చుని తిరగాలని ఉంది,” అంది. ఆయన వెంటనే “సరే” అన్నాడు.

“కానీ ఆ మనిషితో మాత్రం మాట్లాడను,” అని భార్యకి ముందే చెప్పాడు.

మర్నాడు దీపం అద్దం మీద నల్ల టేపు దట్టంగా అతికించుకుని వెళ్ళాడు. అధికారి మళ్ళీ స్టూలెక్కాడు.

“దీపానికి గంతలు కట్టారేమిటి సార్? ఇప్పుడు నేను బతికిపోతాను, మీరు కాలవలో పడతారు. కుదరదు.” తర్వాత ఫారం తీశాడు. “ఎక్కడికి వెళ్ళాలి?”

“మా చెల్లెలి ఇంటికి.”

“చూసి ఎన్నేళ్ళయింది?”

“పన్నెండు. అది కూడా ఫారంలో ఉందా?”

“లేదు. ఊరికే అడిగాను.”

సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి వాపోయాడు.

“ఆయన చెప్పినట్టు చెయ్యి అన్నయ్యా. మంచివాడిలాగే ఉన్నాడు.”

“మంచివాడా! లేని బండి నడుపుతాడు! నిన్న మలుపు కూడా తిప్పాడు!”

చెల్లెలు చాలాసేపు నవ్వింది. ఎందుకంత నవ్వో ఆయనకి అర్థం కాలేదు.

మూడోసారి కొలిచి, కత్తిరించి, కళ్ళద్దం బిగించినంత జాగ్రత్తగా టేపు అతికించాడు. అధికారి ఈసారి స్టూలెక్కలేదు.

“మీరు దిగండి. నేను బండెక్కుతాను.”

కళ్ళద్దాల ఆయన హెల్మెట్ పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు ఏం చెయ్యాలో తెలియక, ఆయన కూడా లేని హ్యాండిల్ పట్టుకున్నాడు. దీపం వెలిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

“నేను కనిపిస్తున్నానా?”

“లేదండీ. వెలుగే కనిపిస్తోంది.”

“ఇక్కడ ఒక మనిషున్నాడని తెలుస్తోందా?”

“తెలియడం లేదు.”

“అదే నా బాధ. టేపు ఎదురుగా నిలబడి అతికించారు. మీకు ఎడమ, బండికి కుడి. అయినా, ఎదురొచ్చేవాడు మీకేం అపకారం చేశాడు సార్?”

కోపం రావలసిన మాటే. రాలేదు. “ఏమీ చెయ్యలేదండీ,” అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం టేపు పీకుతూ ఉన్నట్టుండి, “ఆ మనిషి ఇంట్లో ఉంటే పలకరిస్తే పోయేదేముంది?” అన్నాడు. భార్య తుడుస్తున్న ఫ్రేము చేతిలోంచి జారిపోయింది.

నాలుగోసారి సీటు మీద కూర్చునే గుర్తు పెట్టుకుని అతికించాడు. షెడ్డులో మళ్ళీ ఆయనే స్టూలెక్కాడు. అధికారి దీపం వేశాడు. వెలుగు బుద్ధిగా కిందికి వంగి, పక్క గోడ మీదికి తప్పుకుంది. ఆ గోడ వెలుగులో అధికారి కనిపించాడు. సన్నటి మీసం, చెవుల దగ్గర నెరసిన జుట్టు. ఇన్నిసార్లు వచ్చినా ఆ మొహాన్ని ఇంత తీరిగ్గా చూసింది లేదు.

“కనిపిస్తున్నానా?”

“శుభ్రంగా.”

“మొహం?”

“మొహం కూడా కనిపిస్తోందండీ.”

“ఎలా ఉంది?”

“ఏమిటి, దీపమా?”

“మొహం.”

ఇది కూడా తనిఖీలో భాగమే కాబోలనుకుని ఆయన ముందుకు వంగి పరీక్షగా చూశాడు. “బాగానే ఉందండీ. కాకపోతే కళ్ళు చిట్లిస్తున్నారు. మీకు అద్దాలు పడతాయి. తిరుగు ప్రయాణంలో కొలతలు తీసుకుంటాను.”

అధికారి మొదటిసారి నవ్వాడు. దీపం ఆర్పి, షట్టర్ ఎత్తి, కాగితం మీద ముద్ర కొట్టి ఆయన చేతిలో పెట్టాడు.

“భోజనానికి నాకోసం ఆగమని మీ చెల్లెలితో చెప్పండి, బావగారూ.”