మత్తులో అన్న మాట

"మీరు ఆఫీసులో పులి, డైరెక్టర్ ముందు పిల్లి!" అని ఇసురుగి మేనేజర్ ముందు బల్ల మీద చరిచాడు. "మా ఆవిడ పుట్టింట్లో పురుటికి సిద్ధంగా ఉంటే మూడు రోజుల సెలవివ్వడానికి మీకు చెయ్యి రాదు!"

శుక్రవారం ఆఫీసు మందు పార్టీలో ఎవరూ తల తిప్పలేదు. తాగి అన్న మాట తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండకూడదు. ఆ మర్యాద మీద భరోసాతోనే అతను మూడు వారాలుగా ఈ మాటను నోట్లో నానబెట్టుకున్నాడు.

"బాగా ఎక్కిందిరా నీకు!" మేనేజర్ కురమోచి ఊగుతూ నవ్వాడు. "నాకూ తల తిరుగుతోందిలే."

అంతలో వడ్డించే అమ్మాయి రెండు గ్లాసులు తెచ్చింది. అక్కడ చల్లటి టీలో మందు కలుపుకుని తాగడం మామూలే. మందు కలిపిన టీకీ ఉత్త టీకీ రంగు ఒకటే కాబట్టి ఆమె గట్టిగా అడిగింది.

"మందు కలపని టీ ఎవరికండీ?"

అలవాటుకొద్దీ ఇద్దరి చేతులూ లేచాయి.

ఇసురుగి చటుక్కున చెయ్యి దించాడు. "సార్... మీరు..."

"పదకొండేళ్లుగా ఇదే," అని కురమోచి గొంతు తగ్గించాడు. "నువ్వు?"

"నాకు వాసనే పడదు సార్."

కురమోచి తన గ్లాసు అందుకున్నాడు. తర్వాత తాగినవాడిలా నాలుక మందం చేసుకుని, అందరికీ వినపడేలా అరిచాడు.

"ఈ మత్తులో ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టేస్తానురా! సెలవు చీటీ ఉందా?"

అది మూడు వారాలుగా జేబులోనే ఉంది. సంతకం వణుకు లేకుండా, గీత గీసినట్టు తిన్నగా పడింది.

"తెలివిలో ఉండి ఇస్తే రేపు పదిమంది అడుగుతారు," కురమోచి అతని చెవిలో అన్నాడు. "పొద్దున్నకి అంతా మర్చిపోతాలే. ఆ పిల్లి మాటొక్కటీ తప్ప."