నాలుగు వేళ్ల మడత

‘సర్టిఫికెట్లు చూపించమంటే ఏం చెప్పాలి?’ అన్న దిగులు పిల్లల బట్టల షాపు మెట్లెక్కినప్పటి నుంచీ ఆమెను వదల్లేదు. షాపు మేడమ్ మాత్రం చదువు ఊసే ఎత్తలేదు. ఎదురుగా కూర్చున్న ఆమె ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప చేతికి బిస్కెట్ ఇచ్చి, ఆమె కుట్టి నమూనాకని తెచ్చిన గౌనును తిరగేసి చూస్తోంది.

“అంచు లోపల ఇంత గుడ్డ వదిలేశావేంటమ్మా?”

“నాలుగు వేళ్లేనండీ. పిల్లలు ఎదుగుతారు కదా. పొట్టి అయినప్పుడు ఆ కుట్టు విప్పుకుంటే ఇంకో రెండేళ్లు వస్తుంది.”

“అంటే, మళ్లీ కొత్తది కొనక్కర్లేదు.”

“అస్సలక్కర్లేదండీ!” అంది గర్వంగా.

మేడమ్‌కి ఎందుకో పొలమారింది. రెండు గుక్కలు నీళ్లు తాగి, “ఇంటి దగ్గర నీకు ఎంతమంది బట్టలు ఇస్తారు?” అని అడిగింది.

“మా వీధి, పక్క రెండు వీధులూ. ఈమధ్య మార్కెట్ అవతలి నుంచి కూడా వస్తున్నారు. కానీ నమ్మకం లేదండీ. ఒక వారం ఊపిరాడదు, ఇంకో వారం ఈగలు తోలుకోవడమే. చంటిపిల్లతో అలా ఎన్నాళ్లని?”

“నేను చెప్పేదీ అదే. ఇక్కడైతే నెల తిరిగేసరికి జీతం. పొద్దున తొమ్మిదింటికి రా, సాయంత్రం ఏడింటికి వెళ్లు. పాపనీ తెచ్చుకో, వెనక గది ఖాళీగానే ఉంది. ఇంటి దగ్గర మాత్రం ఇక కుట్టకు, ఒళ్లు హూనమైపోతుంది. నీ మిషను కూడా నేనే కొనేస్తాలే, ఇంట్లో చోటు కలిసొస్తుంది. రేపు పదింటికి బండి పంపనా?”

ఆమె నోరు తెరిచేలోపే మేడమ్ జీతం ఇంకాస్త పెంచింది.

వెళ్తూ వెళ్తూ ఆమె షాపంతా ఒకసారి చూసింది. బొమ్మలన్నీ ఇస్త్రీ గౌన్లు తొడుక్కుని వరసగా నిలబడ్డాయి. కటింగ్ మాస్టారు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. తను కూర్చున్న గంటసేపట్లో ఒక్కసారైనా ఫోను మోగలేదు, ఒక్కరూ గౌను కొనడానికి రాలేదు. ఎంత నెమ్మదైన చోటు! తొమ్మిదో తరగతితో ఆగిపోయిన తన మీద ఆ మహాతల్లికి ఎంత జాలి!

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్త అంతా విని, కండక్టరు సంచీ మేకుకు తగిలించాడు.

“నీ మీద ఆవిడకి ఇంత ప్రేమేంటే? నాకే లేదు.”

“మీ వేళాకోళానికేం గానీ, వెళ్లనా మాననా చెప్పండి.”

“వెళ్లమంటే, రేపు బుడంకాయకి జలుబు చేసినా నాదే పాపం అంటావు. వద్దంటే, మిషను ఖాళీగా ఉన్నప్పుడల్లా నా మొహం వంక చూస్తావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నన్ను వదిలెయ్, నువ్వే తేల్చుకో.”

అది తేలకే కదా ఈ అవస్థ! జీతం ఉంటే పాపకి మంచి బడి. కానీ పాప రోజంతా ఆ వెనక గదిలో ఉండాలి. ఇంట్లో అయితే పాప కళ్లెదుటే ఉంటుంది. కానీ వచ్చే నెల ఎలా గడుస్తుందో దేవుడికే తెలియాలి. మిషను ఒక్కసారి గడప దాటిందంటే మళ్లీ కొనడం తన తరం కాదు.

అయినా తెల్లారేసరికి వెళ్లడానికే మనసు రాయి చేసుకుంది. మిషనుకి నూనె వేసి తుడుస్తుంటే, వెనక వీధి నర్సు గుమ్మంలోంచి తొంగి చూసింది.

“మా పెద్దదాని గౌను పొట్టైపోయింది. మడత విప్పిపెట్టవా?”

“ఇవాళ్టి నుంచి కుట్టడం లేదక్కా. ఉద్యోగం వచ్చింది.”

“మంచి మాట చెప్పావు! నెల జీతానికి ఏదీ సాటి రాదు, నాకు తెలుసుగా.” నర్సు గౌను సంచీలో పెట్టుకోబోయి ఆగింది. “మరి దీన్నెవరు విప్పుతారు? వచ్చే ఏడు చిన్నదానిది?”

మామూలుగానే అడిగింది. ఆమెకి మాత్రం చెయ్యి ఆగిపోయింది. ఈ మూడు వీధుల్లో ఎంతమంది పిల్లలు తను దాచిన మడతలతో గంతులేస్తున్నారు! ఆ గుడ్డ ఇంకో రెండేళ్లు వస్తుందని చెప్పింది తనే.

“ఇలా ఇవ్వక్కా.”

బ్లేడుతో కుట్టు తెంపింది. పైన గుడ్డ వెలిసిపోయినా, మడత లోపలిది మొన్న కొన్నట్టే ఉంది. పాప ఆ దారప్పోగులు ఏరుకుంటూ కిలకిలా నవ్వింది.

“ఏమండీ! బండివాడొస్తే వెనక్కి పంపేయండి. నేనే వెళ్లి చెప్పొస్తాను.”

“అమ్మయ్య! తేలిందా?” అని లోపల్నుంచి కేక వినిపించింది.

ఖాళీ వారాల భయం ఎక్కడికీ పోలేదు. దాన్నీ పాపనీ చంకనేసుకునే షాపు మెట్లెక్కింది.

“మేడమ్, మీ మేలు జన్మలో మరిచిపోను. కానీ నేను రాలేనండీ.”

“జీతం చాలదా?”

“అయ్యో, నాలాంటిదానికి అదే ఎక్కువ! మా వీధుల్లో పిల్లలందరికీ మాటిచ్చేశానండీ. వాళ్లు ఎదిగేదాకా నేను ఇంటి దగ్గరే ఉండాలి.”

తిడుతుందేమోనని తల దించుకుంది. మేడమ్ కళ్లజోడు తీసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మాస్టారికి వినపడనంత మెల్లగా అడిగింది.

“పోనీ, నీ దగ్గర నాకేమైనా పనుందా అమ్మా?”